ఫిరంగి మీది బొటనవేలు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఆల్డర్ క్రీక్ అనే ఊరికీ సముద్రానికీ మధ్య రెండు రోజుల రైలు ప్రయాణం. అయినా ఊరి నడిబొడ్డున, కోర్టు ముందరి పచ్చికలో, యుద్ధనౌక మీద ఉండాల్సిన ఫిరంగి ఒకటి కూర్చుని ఉంది. అది దేశభక్తికి గుర్తని దాని కింది రాతిదిమ్మె మీద చెక్కారు. అసలు కారణం పక్క ఊరు. పక్క ఊరి మాజీ సైనికులు ప్రభుత్వాన్ని అడిగి ఒక చిన్న ఫిరంగి తెచ్చుకుని తమ కోర్టు ముందు పెట్టుకున్నారు. ఆల్డర్ క్రీక్ వాళ్ళకి తిండి సహించలేదు. అంతకన్నా పెద్దది ఏదుంటే అది పంపమని రాశారు. ఎక్కడ పారేద్దామా అని చూస్తున్న ఒక పాత నల్ల ఫిరంగిని నౌకాదళం వాళ్ళు సంతోషంగా రైలెక్కించారు. స్టేషన్ నుంచి కోర్టు దాకా దాన్ని లాగడానికి ఊళ్ళో ఎద్దులన్నీ కావలసి వచ్చాయి.

అంతర్యుద్ధంలో ఆ ఫిరంగి ఏ ఓడ మీద ఉందో, ఎవరిని కొట్టిందో ఎవరికీ తెలియదు. ఊళ్ళోకి వచ్చాక కొట్టినవి మాత్రం అందరికీ తెలుసు: కోర్టు కిటికీ అద్దాలు, పాస్టర్ గారి ఆవు కడుపులోని దూడ, హోసియా టటిల్ రెండు చేతులు.

అర్విల్లా ఆ హోసియా భార్య. చేతులు పోయిన నాటి నుంచి అతనికి చెంచాతో పెట్టేదీ, గడ్డం గీసేదీ, బొత్తాలు పెట్టేదీ, ముక్కు తుడిచేదీ ఆమే. ముందు అతనికి పెట్టి, ఆనక చల్లారింది తాను తినేది. పధ్నాలుగేళ్ళలో ఒక్క వేడి భోజనం ఎరగదు. అందుకే ఆమె వంటకి ఊళ్ళో అంత పేరు. చల్లారినా రుచిగా ఉండేట్టు వండటం ఆమెకి తప్పనిసరి అయింది మరి.

చేతులు పోయిన రోజు సంగతి ఇది. స్పెయిన్ నౌకల్ని మనవాళ్ళు ముంచేశారని తంతి వచ్చింది. ఊరంతా కోర్టు ముందు చేరింది. గుండు లేకుండా ఉత్తి మందు దట్టించి ఫిరంగి పేల్చడం అక్కడి వేడుక. ఊళ్ళో మాజీ సైనికులందరూ నేల మీద నడిచి యుద్ధం చేసినవాళ్ళే. ఓడ ఫిరంగిని ముట్టుకున్నవాడు హోసియా ఒక్కడే. పద్ధతంతా వాళ్ళకి అతనే నేర్పాడు. ఒకసారి పేల్చాక గొట్టంలోకి తడిగుడ్డ చుట్టిన కర్ర తోసి తుడవాలి. ఎంత తుడిచినా, కాలిన మందు సంచి పీలిక ఒకటి లోపల ఎక్కడో రాజుకుంటూ ఉండవచ్చు. దానికి గాలి తగలకుండా, మూతి దగ్గరివాడు కొత్త మందు దట్టించేంతసేపూ, వెనకవైపున్న రంధ్రాన్ని ఒకడు బొటనవేలితో నొక్కి ఉంచాలి. వేలు తీశాడా, లోపల నిప్పు లేస్తుంది. దట్టించేవాడి చేతులు కర్రతో పాటు వెళ్ళిపోతాయి.

బొటనవేలు పనిలో మసి అంటదు, చెమట పట్టదు, పైగా నిలబడే చోటు అందరికీ కనిపిస్తుంది. కాబట్టి ఆ పని మాజీ సైనికుల సంఘం కమాండర్ లియాండర్ గుడెల్ గారిది. కుడి బొటనవేలికి తోలు తొడుగు, ఎడమచేతిలో మెరుగుపెట్టిన కత్తి. రెండో దెబ్బకి హోసియా మందు దట్టిస్తూ ఉండగా ఆడవాళ్ళు జెండా పట్టుకుని ఫిరంగి పక్కగా వచ్చారు. బ్యాండువాళ్ళు జెండా పాట ఎత్తుకున్నారు. జెండా ఎదురైతే ఆ ఊళ్ళో మగవాడి చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోతుంది, నిద్రలోనైనా పోతుంది. కమాండర్ గారి ఎడమచేతిలో కత్తి ఉంది. కుడిచెయ్యి ఖాళీగా ఉందనుకున్నారు.

ఆయన టోపీ ఎంత ఠీవిగా లేచిందో ఊరంతా చూసింది. ఆ వెంటనే ఫిరంగి పేలడం కూడా చూసింది. ఈ రెండిటికీ సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు. పొద్దున్నే హోసియా ఒక గ్లాసు సైడర్, అంటే ఆపిల్ కల్లు, పుచ్చుకున్నాడని అందరికీ తట్టింది. ఆ రోజు ఆల్డర్ క్రీక్‌లో సైడర్ ముట్టనివాళ్ళు పాస్టర్ గారూ, ఆయన ఆవూ మాత్రమే. "తాగి దట్టించాడు, పాపం," అని కమాండర్ గారు పత్రికవాడితో అన్నారు. 'పాపం' చేర్చినందుకు ఆయన మంచితనాన్ని ఊరు మెచ్చుకుంది.

మరుసటి ఏడాది కమాండర్ గారి భార్య కొర్నీలియా మే నెల పండగ ఊరేగింపు వరుస మార్చింది. మహిళా సహాయ సంఘానికి ఆవిడ అధ్యక్షురాలు. ఇకమీదట ఫిరంగి మోతలన్నీ అయ్యాకే జెండా చర్చి మెట్లు దిగాలంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అర్విల్లా ఇంటికెళ్ళి హోసియాకి సూప్ పడుతూ, "కొర్నీలియాకి తెలుసయ్యా," అంది.

"ఏం తెలుసు?"

"అంతా."

తెలిసీ ఆవిడ నోరు మెదపలేదు. అర్విల్లా కూడా ఏటేటా పండక్కి పైలు, లోపల ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చే తీపి రొట్టెలు, చేసి ఇచ్చింది, ఎదురుచూసింది.

ఆ ఎదురుచూపు ఈ ఏడాది వసంతంలో కొలిక్కి వచ్చింది. ఊరి మాజీ సైనికుల పేర్లతో ఒక కంచు పలక పోయించి ఫిరంగి కింద బిగించాలని తీర్మానించారు. చనిపోయిన సైనికుల సమాధులకు పూలు పెట్టే ఆ పండగ మే నెలాఖరున. ఆ మర్నాడే నమూనా పోతకి వెళుతుంది. ఒకసారి పోశాక కంచులో కొత్త పేరు ఇరికించడం ఎవరి తరమూ కాదు. నమూనాలో ఊరి సైనికులందరి పేర్లూ ఉన్నాయి, యుద్ధమంతా వంటపాకలో బంగాళాదుంపలు ఒలిచినవాడిది కూడా. హోసియా పేరు లేదు.

చర్చి కింది గదిలో పండగ ఏర్పాట్ల కోసం ఆడవాళ్ళు చేరినప్పుడు అర్విల్లా ఆ మాటెత్తింది.

"కొర్నీలియా గారూ, నమూనాలో మా ఆయన పేరు కనపళ్ళేదు."

"ఆపిల్ పై చాలా బావుంది అర్విల్లా. పంచదార కాస్త తగ్గించినట్టున్నావే?"

"పంచదార సరిపోయిందండీ. పేరే తగ్గింది."

అర్విల్లా పక్కింటావిడ ప్రూడెన్స్ హేల్ కప్పు కింద పెట్టింది. "సంతకం పెట్టలేనివాడికి పేరెందుకులే, ఉత్త దండగ," అంది.

ఆడవాళ్ళందరూ ఒకేసారి నోళ్ళు తుడుచుకున్నారు. కొర్నీలియా, "తప్పు ప్రూడెన్స్, అలా అనకూడదు," అంటూ ఆవిడ ప్లేటులో ఇంకో ముక్క వేసింది.

"చూడు అర్విల్లా, అది పిల్లలు చదివే చోటు. తాగి ఆ ఫిరంగికే మచ్చ తెచ్చినవాడి పేరు అక్కడెలా పెడతాం? నువ్వే చెప్పు."

"తాగడం వల్లే పేలితే, మరుసటి ఏడు మీరు జెండా వరుస ఎందుకు మార్చారండీ?"

కొర్నీలియా మెడ దగ్గరి లేసు సర్దుకుంది.

"ఎండ. ఆడవాళ్ళు ఎండకి ఆగలేరని."

"ఇప్పుడు ఇంకా ఎండెక్కాకే కదండీ దిగుతున్నాం."

"ఈ మాట మళ్ళీ వినిపించిందంటే నీ పైలు కూడా అక్కర్లేదు," అంది కొర్నీలియా, ఆపిల్ పైలో చివరి ముక్క తినేసి. "ఇంకో సంగతి. సంఘంలో అందరికన్నా పెద్దావిడ జెండా మొయ్యాలన్నది నిబంధన. స్టైల్స్ ముసలావిడ చలికాలంలో పోయింది కనక ఈసారి నీ వంతు. నేను పెట్టిన నిబంధనే, ఏం చేస్తాం. మోతలన్నీ అయ్యాకే మెట్లు దిగు. పలక సంగతి మాత్రం అయిపోయింది."

ఈసారి మూతి దగ్గర మందు దట్టించేది కొర్నీలియా ఒక్కగానొక్క కొడుకు ఎవరెట్. ఇదివరకు చేసినవాడికి నడుం పట్టేసింది. ఎవరెట్ పిండిమిల్లు నడుపుతాడు. ముప్ఫై దాటాయి, తల్లి నోరూ రాలేదు, తండ్రి ఠీవీ రాలేదు. శనివారం శనివారం పిండిసంచీ భుజానేసుకుని టటిల్ దంపతుల ఇంటికి వస్తాడు. హోసియా పైపులో పొగాకు కూరి, వెలిగించి, అతని నోటి దగ్గర పట్టుకుని కూర్చుంటాడు. ఎందుకు వస్తున్నావని ఎవరూ అడగరు. అతనూ చెప్పడు.

పండగ ముందు శనివారం కూడా వచ్చాడు.

"అత్తా, సంచీ ఎక్కడ పెట్టమంటావు?"

"నెత్తిన పెట్టు. ఎప్పుడూ పెట్టేచోటే పెట్టరా నాయనా."

అతను నవ్వి హోసియా పక్కన చేరాడు. "మామా, దట్టించడం ఎలాగో చెప్పు. నీ కన్నా ఎవరికి తెలుసు?"

హోసియా పైపు వదిలి చాలాసేపు చెప్పాడు. మూతికి ఎదురుగా నిలబడకూడదు, ఓరగా పక్కన నిలబడాలి. కర్రని పిడికిట్లో బిగించకూడదు, అరచేత్తో తోసి వదలాలి. మొదటి దెబ్బకి గొట్టం చల్లగా ఉంటుంది, దిగులే లేదు. రెండోదాని నుంచే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

"వెనకాల వేలు పెట్టేది మా నాన్నేగా. నాకేం భయం?" అన్నాడు ఎవరెట్, పైపు మళ్ళీ అతని నోట్లో పెడుతూ.

నోట్లో పైపు ఉంది కనక హోసియా జవాబు చెప్పలేదు.

ఎవరెట్ వెళ్ళాక అర్విల్లా తన ఆలోచన బయటపెట్టింది. మోతల మధ్యలో జెండాతో మెట్లు దిగుతుంది. బ్యాండు మోగుతుంది. కమాండర్ చెయ్యి లేస్తుంది. అప్పుడు కొర్నీలియా నోరు ఎలా మూసుకుంటుందో చూస్తుంది.

హోసియా పెదవి విరిచాడు. "పేరు నీక్కావాలి. నాక్కాదు," అన్నాడు.

"వీధిలో పిల్లలు తాగుబోతు హోసియా అని తూలుతూ నడిచి చూపిస్తున్నారు. రేపు నువ్వు పోతే సమాధి మీద కూడా సీసా పెట్టి నవ్వుతారు. నాక్కావాలి."

"అయితే మొదటి దెబ్బకి దిగు. గొట్టం చల్లగా ఉంటుంది, వేలు కాదు, కమాండర్ కాలు తీసినా పేలదు. కొర్నీలియాకి ఆ తేడా తెలీదు. కొడుకు మూతి దగ్గర ఉన్నాడు, గుండె ఆగి అరుస్తుంది. అంతే చాలు. రెండోదానికి మాత్రం వద్దు. అక్కడుండేది ఎవరెట్. వింటున్నావా?"

"వినపడుతోంది."

"మాటివ్వు."

"చేతిలో చెయ్యేసి ఇవ్వమంటావా?"

హోసియా నవ్వాడు. వాళ్ళిద్దరూ అలాంటి మాటలతోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. నవ్వులో పడి, ఆమె మాట ఇవ్వలేదన్న సంగతి అతను గమనించలేదు.

పండగ రోజు ఎండ బాగా కాసింది. సమాధులకు పూలు పెట్టి వచ్చిన జనం పచ్చిక చుట్టూ నిలబడ్డారు. హోసియాని తీసుకొచ్చి కోర్టు వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. కొర్నీలియా ముందువరసలో విసనకర్రతో కూర్చుంది. కమాండర్ గారు ఫిరంగి వెనక, కుడివేలు రంధ్రం మీద, ఎడమచేత్తో కత్తి, డెబ్భై దాటిన నడుముని బలవంతంగా నిటారుగా పెట్టి నిలబడ్డారు. ఎదురుగా చర్చి మెట్ల మీద జెండాకర్ర పట్టుకుని అర్విల్లా. ఆమె వెనక తెల్లబట్టల్లో మిగతా ఆడవాళ్ళు.

ఎవరెట్ మొదటి మందు సంచి గొట్టంలోకి తోశాడు. ఇదే సమయం. అర్విల్లా కాలు ముందుకు పెట్టబోయి ఆగింది.

పొయ్యి మీద పాలు పొంగేముందు ఆడదానికి ఎలా తెలుస్తుందో, అలా ఆమెకి అప్పుడొకటి తెలిసింది. ఇప్పుడు దిగుతుంది. కొర్నీలియా అరుస్తుంది. కమాండర్ చెయ్యి లేస్తుంది. ఫిరంగి పేలదు. ఆ తర్వాత? 'చూశారా, వేలు తీసినా ఏమీ కాలేదు. ఆనాడు పేలింది సైడర్ వల్లే' అంటారు. అరిచినందుకు కొర్నీలియా తనే ముందు నవ్వేస్తుంది. హోసియా తాగుబోతుతనం కంచులో పోత పోసినట్టే అవుతుంది. అతను ఇంత తెలిసినవాడై ఉండి ఈ సంగతి ఎలా మరిచాడు? మరిచాడో, లేక ఎవరెట్ కోసం మరిచినట్టు నటించాడో.

ఆమె కదల్లేదు. మొదటి దెబ్బ పేలింది. పిల్లలు చెవులు మూసుకుని కేకలేశారు. వరండాలో హోసియా తేలిగ్గా ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. మానుకుందనుకున్నాడు.

తడిగుడ్డ కర్ర గొట్టంలోకి వెళ్ళి, పొగలు కక్కుతూ బయటికి వచ్చింది. ఎవరెట్ రెండో సంచి తీసుకున్నాడు. అర్విల్లా మెట్లు దిగింది.

"ఆగు అర్విల్లా, ఇంకా అవలేదు," అంది వెనక ప్రూడెన్స్. "చెవుడా ఏం నీకు?"

అర్విల్లా ఆగలేదు. జెండా కదలడం చూసి బ్యాండువాళ్ళు వాయిద్యాలు ఎత్తారు. వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. వరండాలోంచి, "వద్దే, అర్విల్లా, వద్దే," అని హోసియా అరుస్తున్నాడు. బాకాల మోతలో అది ఆమెకి లీలగా వినపడింది. వినపడిందన్న సంగతి ఆమె తర్వాత కూడా ఎన్నడూ కాదనలేదు.

కొర్నీలియా లేచి నిలబడింది. విసనకర్ర కిందపడింది.

"లియాండర్, వేలు తియ్యకండి. మళ్ళీ తియ్యకండి."

ఊరంతా విన్నది. వినవలసిన ఆయనకి మాత్రం వినపళ్ళేదు. ఒక చెవి ఎప్పుడో పోయింది, రెండో చెవి నిండా జెండా పాట. కుడిచెయ్యి లేచింది. టోపీ లేచింది, పధ్నాలుగేళ్ళ కిందట లేచినంత ఠీవిగానూ.

రెండో సంచిని కర్రతో తోస్తున్న ఎవరెట్ తల్లి గొంతు విని తల తిప్పాడు. కుడిచెయ్యి కర్ర మీంచి జారింది. ఎడమచెయ్యి జారలేదు.

కర్ర పచ్చిక దాటిపోయి బ్యాండువాళ్ళ పెద్ద డోలులో దిగబడింది. హోసియా చెప్పినట్టు ఓరగా నిలబడ్డాడు కనక ఎవరెట్ ప్రాణం దక్కింది. ఎడమచేతి వేళ్ళు మూడు దక్కలేదు. పొగ విడిపోయేసరికి కమాండర్ గారు ఇంకా టోపీ చేత్తో పట్టుకునే ఉన్నారు. అందరూ తనకేసి ఎందుకు చూస్తున్నారో ఆయనకి అర్థం కాలేదు. తర్వాత తన కుడి బొటనవేలికేసి చూసుకున్నారు.

"మళ్ళీ అందేమిటి?" అని ప్రూడెన్స్ పక్కావిడని అడిగింది. పక్కావిడ తన పక్కావిడని అడిగింది. డాక్టరు సంచీతో వచ్చేలోగా ఆ మాట పచ్చికంతా తిరిగి, ఊరికి పధ్నాలుగేళ్ళుగా తట్టనిది తట్టించింది.

కొర్నీలియా మోకాళ్ళ మీద కూర్చుని, మెడలోని లేసు పీకి కొడుకు చేతికి చుడుతోంది. జెండా నీడ మీద పడితే తలెత్తింది.

"చూస్తూ చూస్తూ దిగావు," అంది.

"మీరు చూస్తూ చూస్తూ ఊరుకున్నారు," అంది అర్విల్లా. "పలక నమూనా రేపేగా వెళ్ళేది?"

ఆ సాయంత్రం ఆమె సూప్ కాచి, ఊది, చెంచా హోసియా నోటి దగ్గరికి తెచ్చింది. అతను నోరు తెరవలేదు.

"రెండోదానికి దిగావు. తెలిసే దిగావా?"

"తెలిసే." ఆమె మెట్ల మీద తనకి తోచినదంతా చెప్పింది.

అతను శ్రద్ధగా విన్నాడు. "నిజమే. మొదటిదానికి దిగి ఉంటే నేనింకా తాగుబోతునే," అన్నాడు. "నీ బుర్ర గట్టిది. పేరు నీక్కావాలన్నావు, వచ్చింది, తీసుకో."

తర్వాత పెదాలు మూసుకున్నాడు. మర్నాడూ తెరవలేదు, అటు మర్నాడూ తెరవలేదు. అతని పంతం ఆమెకి తెలుసు. పక్కింటి ప్రూడెన్స్‌ని పిలుచుకొచ్చింది. ప్రూడెన్స్ చెంచా పెడితే హోసియా పిచ్చుకపిల్లలా నోరు తెరిచాడు. ఆవిడ సగం గడ్డం మీద ఒలకబోసేది, మిగతా సగం పెడుతూ, "మీ ఆవిడ చేతులకి ఏం రోగమట?" అనేది. అయినా అతను తిన్నాడు. అందుకు అర్విల్లా ఆవిడకి వారానికో పై ఇచ్చుకుంది. ఆవిడ పంచదార తగ్గిందని వంక పెట్టి తీసుకునేది.

వేసవి చివర పలక వచ్చింది. అందరికన్నా పైన హోసియా టటిల్ పేరు. కొర్నీలియాయే పెట్టించింది, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా. ఫిరంగి వెనక రంధ్రంలో సీసం పోశారు, మూతి సిమెంటుతో మూసేశారు. కమాండర్ గారు సంఘానికి రాజీనామా ఇచ్చి ఇంట్లోనే ఉంటున్నారు. దారిన జెండా వెళితే ఆయన కుడిచేతిని భార్య గట్టిగా పట్టుకుని కూర్చుంటుందని పనిమనిషి చెప్పింది. పిల్లలు తూలుతూ నడవడం మానేశారు. ఇప్పుడు టోపీ ఎత్తి, ఢాం అని పడిపోయి ఆడుకుంటున్నారు.

పలక బిగించిన రోజు అర్విల్లా ఒక్కతే వెళ్ళి చూసింది. కంచు అక్షరాల్ని చేతిరుమాలుతో ఒకసారి తుడిచింది. ఇంటికి వచ్చి హోసియా ఎదుట నిలబడి, "అన్నిటికన్నా పైన పెట్టారయ్యా," అంది. అతను కిటికీలోంచి వీధికేసి చూస్తున్నాడు. శనివారం అది.

ఎవరెట్ పిండిసంచీ కుడిభుజం మీద మోసుకుని వచ్చాడు. దాన్ని ఎప్పుడూ పెట్టేచోటే పెట్టాడు. హోసియా పక్కన కూర్చుని, గుడ్డ చుట్టిన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో పైపు కూరాడు.

"అగ్గిపెట్టె ఎక్కడుందండీ, మిసెస్ టటిల్?"

అత్తా అనలేదు. ఆమె అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చింది. ఒక్క చేత్తో పుల్ల గీయడం అతనికి ఇంకా అలవాటు కాలేదు. గీసి ఇస్తానని ఆమె చెయ్యి చాచింది. "వద్దండీ," అన్నాడు మర్యాదగా. నాలుగో పుల్ల వెలిగింది. హోసియా నోరు తెరిచాడు.

ప్రూడెన్స్ వచ్చి అతనికి పెట్టేసి వెళ్ళిపోయింది. ఇక అర్విల్లాకి చేయవలసింది ఏమీ లేదు. పొయ్యి మీంచి సూప్ దించి, గిన్నెలో పోసుకుని, వంటింట్లో బల్ల ముందు కూర్చుంది. ఆవిరి ముఖానికి కొడుతోంది. చెంచాడు నోట్లో పెట్టుకుంది.

నాలుక కాలింది. ఊదుకోవాలన్న సంగతి తన విషయంలో ఆమెకి ఎప్పుడూ గుర్తుండలేదు.